వాతం, ఛాయ, శ్రమ: నిజామాబాద్–బోధన్ ప్రాంతం కేంద్రంగా కీళ్ళ వ్యాధుల చరిత్ర

వ్యాససంగ్రహం

తెలుగులో ‘వాతం’ అనే ఒక్క మాట కింద శతాబ్దాలుగా నిలిచిన కీళ్ళ వ్యాధులు ఎక్స్‌రే వచ్చిన తరువాత ఒకటొకటిగా విడివడ్డాయి. ఆ విభజన వల్ల కొందరి బాధకు పేరూ కారణమూ దొరికాయి. మరికొందరి బాధ ఫిల్ముమీద కనబడనందువల్ల లెక్కలోకి రాకుండా పోయింది. డిచ్‌పల్లి కుష్ఠు వైద్యాలయం, నిజాంసాగర్ ఆయకట్టులోని చెరకు సాగు, నిజామాబాద్ బీడీ పరిశ్రమ ఆధారంగా, పొదిలి, నల్లగొండల ఫ్లోరోసిస్ చరిత్రతో పోల్చుతూ, నొప్పికీ ఛాయకూ నడుమ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కీళ్ళవాతం, ఆమవాతం, వాతరక్తం, ఎక్స్‌రే, డిచ్‌పల్లి, ఫ్లోరోసిస్, బోధన్, చెరకు, బీడీ శ్రామికులు.

ప్రవేశిక

నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఎముకను ‘బొక్క’ అంటారు. ఎముకల వైద్యశాల ‘బొక్కల దవాఖాన’. కీలు వాచినా, నడుము పట్టినా, వేళ్ళు వంకరపోయినా పెద్దల నోట ముందుగా వచ్చే మాట ‘వాతం’. ఆ మనిషే పట్టణానికి వచ్చి ఎక్స్‌రే తీయించుకుంటే మాట మారుతుంది. ‘గుజ్జు అరిగింది’, ‘బొక్క పెరిగింది’, ‘సందు తగ్గింది’ అనే మాటలతో ఇంటికి తిరిగివెళ్తాడు. మొదటి మాట శరీరం లోపల తిరిగే గాలిని గూర్చి చెబుతుంది. తరువాతి మాటలు నల్లని ఫిల్ముమీద తెల్లగా పడిన ఛాయను గూర్చి చెబుతాయి. ఈ రెండింటి నడుమ జరిగిన ప్రయాణాన్ని వైద్యచరిత్రకారులు సాధారణంగా ఐరోపా నగరాల నుంచి వివరిస్తారు. తెలుగు నేలమీద నిలబడి చూస్తే ఆ కథ కొంత వేరుగా కనిపిస్తుంది.

ఒకప్పుడు ఇందూరు అనిపించుకున్న నిజామాబాద్‌కు ఆధునిక రూపం ఇచ్చినవాటిలో మూడు కట్టడాలు ఈ చర్చకు ముఖ్యమైనవి. డిచ్‌పల్లిలో కుష్ఠు వైద్యాలయం 1915లో వెలసింది. మంజీర నదిమీద నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో నిజాంసాగర్ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాలువల నీటితో పండిన చెరకును ఆడటానికి 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ పెరిగిన వాడకు శక్కర్‌నగర్ అనే పేరు నిలిచింది. ఇరవై రెండేళ్ళ వ్యవధిలో వచ్చిన ఈ మూడింటిలో ఒకటి రోగుల శరీరాలను చేరదీసింది, మిగిలిన రెండూ శ్రామికుల శరీరాలను పనిలోకి దింపాయి. ఆనకట్టకూ కర్మాగారానికీ చరిత్రలున్నాయి. వాటికింద వంగిన మోకాళ్ళకు మాత్రం ప్రత్యేకించి చరిత్ర లేదు.

ఒకే మాట, అనేక వ్యాధులు

వాతం అనగానే అశాస్త్రీయమైన మాటగా తీసివేయటం తొందరపాటు. సంస్కృత వైద్యగ్రంథాలు కీళ్ళ బాధలన్నింటినీ ఒకే గాటకు కట్టలేదు. చరకసంహిత చికిత్సాస్థానం వాతవ్యాధులను ఒక అధ్యాయంలోనూ, వాతరక్తాన్ని తరువాతి అధ్యాయంలోనూ వేరువేరుగా వివరించింది. కీళ్ళలో చేరిన వాతం వల్ల కలిగే వాపును గాలి నింపిన తోలుతిత్తి స్పర్శతో పోల్చింది. వైద్యుడు చేత్తో తాకి తెలుసుకున్న సంగతికి ఇంతకంటె చక్కని పోలిక దొరకటం కష్టం. వాతరక్తానికి ‘ఆఢ్యవాతం’ అనే పర్యాయనామం కూడా ఉంది. ఆఢ్యుడంటే సంపన్నుడు. పాదాల నుంచీ చేతుల నుంచీ మొదలయ్యే ఈ వ్యాధిని కలిగినవారి సుఖజీవనంతో ముడిపెట్టటం, ఐరోపాలో గౌటును రాజుల వ్యాధి అనటం, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టిన ఊహలే. ఆమవాతాన్ని ప్రత్యేక అధ్యాయంగా నిలిపినది మాధవనిదానం. జీర్ణం కాని ‘ఆమం’ కీళ్ళలో చేరి జ్వరంతో, వాపుతో, పట్టుకుపోవటంతో కనబడుతుందని అందులోని భావన.

ఆంధ్రదేశపు వైద్యులకు ఈ విజ్ఞానం సంస్కృత శ్లోకాలతోపాటు తెలుగు వచనాన్నీ కలిగిన బసవరాజీయం వంటి గ్రంథాల ద్వారా అందింది. హైదరాబాద్ రాజ్యంలో దీనికి తోడు యునానీ సంప్రదాయం ఉన్నది. హకీములు కీళ్ళనొప్పిని వజఉల్ మఫాసిల్ అనీ, గౌటును నిఖ్రిస్ అనీ, తుంటి నుంచి కాలికి దిగే నొప్పిని ఇర్ఖున్నసా అనీ వేరుచేశారు. అంటే ఇందూరు ప్రాంతపు రోగికి రెండు సంప్రదాయాల వర్గీకరణలు అందుబాటులో ఉండేవి. జనవ్యవహారంలో మాత్రం అవన్నీ ‘వాతం’లో కలిసిపోయాయి. గ్రంథంలో విడిగా ఉన్నవి నోటిలో ఒకటి కావటం భాషకు సహజమే.

ఐరోపా మాటల చరిత్ర కూడా దీనికి దూరమైనది కాదు. రుమాటిజం అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి ‘ప్రవాహం’ అని అర్థం. గౌటుకు మూలమైన లాటిన్ పదానికి ‘బిందువు’ అని అర్థం. శరీరంలో ఏదో ఒక దోషద్రవం ప్రవహించి, చుక్కలుగా కీలులోకి జారి నొప్పి పుట్టిస్తుందన్న నమ్మకం ఆ రెండు మాటల్లోనూ దాగి ఉంది. లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ బేరింగ్ గారడ్ 1848లో గౌటు రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉందని చూపాడు. 1859లో వెలువడిన గ్రంథంలో ‘రుమటాయిడ్ ఆర్థ్రైటిస్’ అనే పేరును ప్రతిపాదించి, ఆ వ్యాధిని గౌటు నుంచి విడదీశాడు. అప్పటికి ఇంకా ఎవరూ జీవించి ఉన్న మనిషి కీలును లోపల నుంచి చూడలేదు.

ఫిల్ముమీద విడివడిన రూపాలు

విల్‌హెల్మ్ రాంట్‌గెన్ 1895 నవంబరు 8న గుర్తించిన కిరణాలు తొలుత ప్రపంచానికి చూపినది ఒక చేతినే. ఆ డిసెంబరులో తీసిన తన భార్య చేతి ఛాయలో ఉంగరమూ, వేళ్ళ ఎముకలూ, వాటి నడుమ కీళ్ళూ కనబడ్డాయి. కీళ్ళ వ్యాధుల అధ్యయనానికి ఇంతకంటె తగిన ఆరంభం లేదు, ఎందుకంటే ఆర్థ్రైటిస్ రకాలను గుర్తించటానికి నేటికీ వైద్యుడు ముందుగా అడిగేది చేతుల ఎక్స్‌రేనే.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని స్పష్టం చేసుకోవాలి. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా పడుతుంది. ఎముకల కొనలను కప్పి ఉండే మృదులాస్థి కనబడదు. రెండు ఎముకల నడుమ నల్లగా కనిపించే ‘సందు’ ఖాళీ స్థలం కాదు. ఆ సందును నింపినది మృదులాస్థియే. అది పలచబడితే ఎముకలు దగ్గరవుతాయి, సందు తగ్గుతుంది. ‘గుజ్జు అరిగింది’ అని చెప్పేటప్పుడు వైద్యుడు గుజ్జును చూడటం లేదు, అది లేకపోవటాన్ని చూస్తున్నాడు. ఛాయాచిత్ర నిర్ధారణలోని సూక్ష్మమంతా ఈ లేమిని చదవటంలోనే ఉంది.

వయసుతోనూ భారంతోనూ వచ్చే ఆస్టియో ఆర్థ్రైటిస్‌లో సందు ఒక పక్కనే ఎక్కువగా తగ్గుతుంది. మోకాలిలో సాధారణంగా లోపలి పక్క ముందుగా దెబ్బతింటుంది. భారం పడిన చోట ఎముక గట్టిపడి మరింత తెల్లగా కనిపిస్తుంది; అంచుల్లో ముళ్ళవంటి పెరుగుదలలు వస్తాయి. రుమటాయిడ్ వ్యాధిలో తీరు వేరు. కీలు లోపలి పొర వాచి, ఎముకను అంచుల నుంచి తొలుస్తుంది. సందు అన్నివైపులా సమంగా తగ్గుతుంది. కీలు చుట్టూ ఉన్న ఎముక సాంద్రత కోల్పోయి పలచబడుతుంది. మణికట్టు, పిడికిలి బిగించినప్పుడు పైకి లేచే కణుపులు, వేళ్ళ మధ్య కీళ్ళు రెండు చేతుల్లోనూ ఒకేసారి దెబ్బతింటాయి; గోళ్ళ దగ్గరి చివరి కీళ్ళు మాత్రం సాధారణంగా తప్పించుకుంటాయి. గౌటులో యూరిక్ ఆమ్ల స్ఫటికాలు చేరిన చోట ఎముకలో గుంట పడుతుంది. ఆ గుంట అంచు చూరులాగా ముందుకు వంగి ఉంటుంది, సందు మాత్రం చాలాకాలం నిలిచే ఉంటుంది. క్షయ ఒక్క కీలునే పట్టి, నెమ్మదిగా తినివేస్తుంది. యువకుల వెన్నును బిగించే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ ముందు కటి వెనుకనున్న కీళ్ళలో కనబడి, ముదిరినప్పుడు వెన్నుపూసల నడుమ వంతెనలు కట్టి, వెన్నును కణుపుల వెదురుబొంగులా మార్చివేస్తుంది.

‘వాతం’ అని ఒకే మాటతో పిలిచినవి ఇన్నిగా విడిపోవటం పేర్ల తగాదా కాదు. అరుగుదల అనుకొని రుమటాయిడ్ రోగికి నొప్పి మాత్రలతో సరిపెడితే, వ్యాధి ఆరంభమైన తొలి రెండు మూడేళ్ళలోనే ఎముక మీద చెరగని గుంటలు పడతాయి. వేళ్ళతోనే బతికే మనిషికి ఆ రెండేళ్ళు విలువైనవి. ఈ వ్యాధికి నేడు మొదటి మందుగా వాడే మెథోట్రెక్సేట్‌కు తెలుగువారితో ఉన్న సంబంధం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. ఎక్స్‌రే పుట్టిన 1895లోనే భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన పరిశోధన నుంచే ఫోలిక్ ఆమ్ల విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. 1951లో అమినోప్టెరిన్‌ను రుమటాయిడ్ రోగులకు ఇచ్చి ఫలితం చూశారు. అప్పటికి సుబ్బారావు మరణించి మూడేళ్ళు. అమెరికాలో ఆ వ్యాధికి మెథోట్రెక్సేట్‌ను అధికారికంగా అనుమతించినది 1988లో. రక్తపు క్యాన్సరు చరిత్రలో ఆయన పేరు వినబడినంతగా కీళ్ళ వ్యాధుల చరిత్రలో వినబడదు.

డిచ్‌పల్లి: నొప్పి లేని కీలు

అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన స్కాట్లండ్ మహిళ ఇసబెల్ కెర్, భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి 1907లో వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. 1911లో నిజామాబాద్‌లో కుష్ఠురోగుల కోసం ఒక ఆశ్రయం తెరిచారు. అది చాలకపోవటంతో రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా వైద్యాలయం ఏర్పడింది. క్రైస్తవ మిషన్ నిర్వహణ, హిందూ దాత ధనం, ముస్లిం ప్రభువు రాజ్యం కలిసిన ఆ సంస్థ అప్పటి హైదరాబాద్ సామాజిక స్వరూపానికి ఒక చిన్న నమూనా. ఇసబెల్ కెర్‌కు 1923లో కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. అప్పటి చికిత్స హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్లు. ఆ జాతి చెట్టే తెలుగువారి అడవి బాదం. సుశ్రుతుడు కుష్ఠుకు చెప్పిన తువరకం కూడా అదే కోవకు చెందినది. ఆయుర్వేద ద్రవ్యం వలసపాలన కాలపు వైద్యంలో సూదిమందుగా తిరిగివచ్చింది.

కుష్ఠును చర్మవ్యాధిగా చూడటం వాడుక. చరిత్రకారుడు దానిని కీళ్ళ వ్యాధిగా కూడా చూడవలసి ఉంటుంది. 1873లో హాన్సెన్ గుర్తించిన సూక్ష్మజీవి చర్మంతోపాటు నరాలను పట్టుకుంటుంది. మోచేతి వెనుకనున్న నరం దెబ్బతింటే చిటికెనవేలు, ఉంగరపువేలు ముడుచుకుపోతాయి. స్పర్శ పోయిన చెయ్యి వేడి గిన్నెను పట్టుకుంటుంది, స్పర్శ పోయిన పాదం ముల్లుమీద నడుస్తుంది. దెబ్బ తగిలినా తెలియదు కనుక విశ్రాంతి ఉండదు. విశ్రాంతి లేని గాయం ఎముకదాకా దిగుతుంది. ఎక్స్‌రేలో వేలి చివరి ఎముకలు కొనల నుంచి కరిగిపోయినట్లు కనిపిస్తాయి. పాదం ముందరి ఎముకలు చప్పరించిన మిఠాయి పుల్లలా సన్నబడి మొనదేలుతాయి. చీలమండ దగ్గరి ఎముకలు ముక్కలై, కీళ్ళు స్థానం తప్పి, పాదం రూపమే మారిపోతుంది.

నాడీలోపం వల్ల శిథిలమయ్యే ఇటువంటి కీలును తొలుత వర్ణించినది పారిస్ వైద్యుడు షార్కో, 1868లో. ఆయన చూసినవారు సిఫిలిస్ వల్ల వెన్నుపాము దెబ్బతిన్న రోగులు. అదే శిథిలత కుష్ఠురోగుల పాదాల్లోనూ ఉంది. కుష్ఠు వల్ల మాంసం కుళ్ళి వేళ్ళు రాలిపోతాయన్న పాతనమ్మకాన్ని ఖండించటంలో 1946లో వెల్లూరుకు వచ్చిన పాల్ బ్రాండ్ కృషి ముఖ్యమైనది. వేళ్ళను పోగొట్టినది సూక్ష్మజీవి కాదనీ, స్పర్శలేని చేతితో చేసిన పనే అనీ ఆయన చూపాడు. ‘పెద్దరోగం’ అని ఊరవతల పెట్టిన మనిషి చేతిని చూసే చూపునే ఈ నిర్ధారణ మార్చింది. కాపాడుకుంటే వేలు నిలుస్తుంది.

మరొక చిక్కు ఉంది. కుష్ఠులో కొన్నిసార్లు జ్వరంతోపాటు చేతులు, కాళ్ళ కీళ్ళు హఠాత్తుగా వాచే ప్రతిచర్యలు వస్తాయి. అప్పుడు చెయ్యి అచ్చంగా రుమటాయిడ్ రోగి చెయ్యిలాగే ఉంటుంది. రుమటాయిడ్‌ను గుర్తించటానికి వాడే రక్తపరీక్ష కుష్ఠురోగుల్లోనూ అనుకూలంగా రావచ్చు. భారతదేశం 2005 డిసెంబరులో కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్లు ప్రకటించుకున్న తరువాత పుట్టిన తరం వైద్యులకు ఈ పోలిక గుర్తుకు రాకపోవటమే అసలు ప్రమాదం. నొప్పి లేని పాదం కథ కుష్ఠుతో ముగియలేదు. నేడు ప్రపంచంలో షార్కో కీలుకు అతి సాధారణమైన కారణం మధుమేహం. జనం చక్కెర వ్యాధి అని పిలిచే ఆ రోగం చక్కెర పండించిన నేలమీద కూడా డిచ్‌పల్లి పాదాన్ని మరో దారిలో తిరిగి తెస్తోంది.

పొదిలి, నల్లగొండ: నీరు రాసిన ఎముక

నొప్పి లేకుండా శిథిలమైన కీలు డిచ్‌పల్లిలో కనిపిస్తే, శిథిలం కాకుండానే బిగుసుకుపోయిన కీళ్ళు తెలుగు నేలమీద మరోచోట కనిపించాయి. బోధన్ కర్మాగారం ఏర్పడిన 1937లోనే షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలోని స్థానిక ఫ్లోరోసిస్‌ను గూర్చి పరిశోధన ప్రకటించారు. వారు పరిశీలించిన రోగులు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి పరిసరాల వారు. అది తరువాత ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. అక్కడి రైతులు మెడ తిప్పలేక, నడుము వంచలేక, చివరకు కాళ్ళు పడిపోయి మంచానికి అంటుకొనేవారు. చూసినవారికి అది ముదిరిన వాతం. ఎక్స్‌రే తీస్తే వెన్ను, కటి ఎముకలు సుద్దలాగా తెల్లబడి ఉన్నాయి. స్నాయువులు ఎముకగా మారాయి. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఉండే పలుచని పొరలో సున్నం చేరింది.

దీనికి అయిదేళ్ళ ముందు, 1932లో, కోపెన్‌హాగన్‌లో క్రయొలైట్ ధూళి పీల్చిన కార్మికుల ఎముకల్లో మోలర్, గుడ్యాన్‌సన్ ఇదే మార్పును చూసి ఉన్నారు. డెన్మార్కులో అది కార్ఖానా వ్యాధి. పొదిలిలో దానికి మూలం తాగే నీరు. ఎవరి పొరపాటూ లేకుండా, శిలల నుంచి బావిలోకి కరిగి వచ్చిన ఫ్లోరైడ్ తరతరాల వెన్నులను బిగించింది. పళ్ళమీద గోధుమరంగు మరకలు, మెడ బిగుసుకోవటం, కాళ్ళు పడిపోవటం ఒకే వ్యాధికి మూడు దశలని ఛాయాచిత్రం లేకుండా కలిపిచూడటం సాధ్యమయ్యేది కాదు.

ఫ్లోరోసిస్ వెన్నుకూ, ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ వెన్నుకూ పైకి పోలిక బలంగా ఉంటుంది; రెండింటిలోనూ మనిషి కర్రలాగా బిగుసుకుపోతాడు. తేడా ఫిల్ములో ఉంది. స్పాండిలైటిస్‌లో వెన్నుపూసల మధ్య వంతెనలు కట్టినా ఎముక క్రమంగా పలచబడుతుంది. ఫ్లోరోసిస్‌లో ఎముక మరింత చిక్కనవుతుంది. మొదటిదానికి కారణం మనిషి శరీరంలోనే ఉంది. రెండవదానికి ఊరి బావిలో ఉంది. అందుకే మొదటిదానికి మందు రాస్తారు, రెండవదానికి ఊరికి నీరు తేవాలి.

నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను సిద్దీఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో మరో రూపాన్ని ప్రకటించారు. అది మోకాళ్ళు లోపలికి వంగి ఒరుసుకొనే వైకల్యం. దానితోపాటు ఎముక పలచబడటం. దట్టపడిన ఎముకే ఫ్లోరోసిస్ గుర్తు అనుకున్న శాస్త్రానికి ఇది ఒక దిద్దుబాటు. తెలంగాణ గ్రానైటు నేలలో ఈ వ్యాధి పటం ఎక్కువగా బోరుబావుల పటాన్నే అనుసరిస్తుంది. ఆ దృష్టితో చూస్తే మంజీర కాలువ నీరు పారిన బోధన్ ఆయకట్టుకూ, బోర్లమీద ఆధారపడిన మెట్ట ఊళ్ళకూ నడుమ తేడా పంటలకే పరిమితమైన విషయం కాదు. 2016లో మొదలైన మిషన్ భగీరథను కూడా ఎముకల చరిత్రలో భాగంగా చదవవచ్చు. అయితే కొత్త నీరు కొత్తగా చేరే విషాన్ని ఆపుతుందే గాని, ఒకసారి బిగిసిన వెన్నును విప్పలేదు.

చెరకు తోట, బీడీల చాట

చెరకు కొట్టే మనిషి గడను నేలకు ఆనించి నరకాలి, లేకపోతే పిలక చెడుతుంది, తీపి ఉన్న మొదలు నేలపాలవుతుంది. అంటే రోజంతా నడుము వంచే ఉండాలి. ఆకు దూయాలి, గడలు మోపు కట్టాలి, మోపును భుజానికెత్తి బండికో లారీకో చేర్చాలి. గడ కొట్టిన తరువాత ఆలస్యమైతే తీపి తగ్గుతుంది కనుక కర్మాగారం వేగమే కూలీ వేగమవుతుంది. బోధన్ ప్రాంతపు చరిత్రరచనలో కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న రైతులకు చోటు దొరికింది. మోపులు ఎత్తినవారికి అంతగా దొరకలేదు.

బరువెత్తే పనికీ మోకాలి అరుగుదలకూ సంబంధాన్ని ఛాయాచిత్రంతో నిరూపించినది ఇంగ్లండ్ గని కార్మికుల అధ్యయనం. కెల్‌గ్రెన్, లారెన్స్ 1952లో గని కార్మికుల ఎక్స్‌రేలను ఇతర పనివారి ఎక్స్‌రేలతో పోల్చారు. గనివారిలో మోకాళ్ళూ నడుము పూసలూ ఎక్కువగా దెబ్బతిన్నట్లు తేలింది. 1957లో వారు ప్రతిపాదించిన, సున్నా నుంచి నాలుగు వరకూ ఉండే కొలమానమే నేటికీ ప్రపంచమంతా మోకాలి అరుగుదలకు కొలబద్ద. నిజామాబాద్‌లో వైద్యుడు ‘మూడో గ్రేడు’ అని చెప్పినప్పుడు ఆ మాట వెనుక లాంకషైర్ బొగ్గు కార్మికుల మోకాళ్ళున్నాయి. ఆ కొలత పుట్టింది శ్రామికుల్లో, వ్యాధిని వృత్తితో ముడిపెట్టటానికి. ఇక్కడ మాత్రం అదే కొలతను రోగి వయసుతో ముడిపెట్టి, అతని పని ఏమిటని అడగకుండానే వాడటం జరుగుతున్నది.

గొంతుకూర్చోవటం ఈ నేలమీద పనికీ, విశ్రాంతికీ, కాలకృత్యాలకూ సాధారణ భంగిమ. బీజింగ్‌లో జరిగిన అధ్యయనం చైనా స్త్రీలలో మోకాలి అరుగుదల అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ స్త్రీలలో కంటె ఎక్కువనీ, తుంటి అరుగుదల మాత్రం చాలా తక్కువనీ చూపింది. యౌవనంలో ఎక్కువసేపు గొంతుకూర్చునే అలవాటుకు మోకాలి వ్యాధితో సంబంధం ఉందని కూడా గుర్తించింది. తెలుగు పల్లెల అనుభవం ఈ ఫలితానికి దగ్గరగానే ఉంటుందని ఊహించవచ్చు. మోకాళ్ళనొప్పి మాట వినని ఇల్లు అరుదు, తుంటి అరుగుదల మాట అంత తరచుగా వినబడదు.

నిజామాబాద్‌కు చెరకు ఎంతో బీడీ అంత. తునికాకు కత్తిరించి, చాటలో పొగాకు పోసుకొని, నింపి, చుట్టి, కొన మడిచి, దారం కట్టే పని ఎక్కువగా స్త్రీలది. కాళ్ళు మడిచి, మెడ వంచి, గంటల తరబడి చేసే పని. ఇక్కడ మోకాలికంటె వేలి చరిత్ర ముఖ్యం. వేళ్ళ కీళ్ళు వాచిన స్త్రీకి అది పనివల్ల వచ్చిన నొప్పా, రుమటాయిడ్ వ్యాధి ఆరంభమా అని తేల్చటం ఆమె జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న. రుమటాయిడ్ పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగా వస్తుంది. పని చేసే వయసులోనే వస్తుంది. తెల్లవారి లేవగానే గంటకు పైగా వేళ్ళు బిగుసుకుపోతే, రెండు చేతులూ సమంగా వాస్తే, దానిని బీడీల నొప్పి అని వదిలేయరాదు. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే పనిలో ఆ గంట బిగుసుకుపోవటమంటే కూలి తగ్గటమే. ఆలస్యానికి కారణం చాలాసార్లు అజ్ఞానం కాదు, కార్ఖానాకు అప్పగించవలసిన లెక్క.

గౌటు విషయంలో ఒక చిన్న విడ్డూరం చెప్పుకోవచ్చు. చక్కెరలో సగభాగం ఫ్రక్టోజ్. అది కాలేయంలో విచ్ఛిన్నమయ్యేటప్పుడు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుందని తెలిసినదే. కలిగినవారి వ్యాధిగా ‘ఆఢ్యవాతం’ అని పేరుపొందినది, చక్కెర అందరికీ చౌకగా అందిన తరువాత ఆ పేరుకు తగినట్లుగా మిగలలేదు.

ఫిల్ము చూపనిది

ఛాయాచిత్రానికి పెరిగిన గౌరవానికి ఒక మూల్యం ఉంది. ఫిల్ములో అరుగుదల బాగా ఉన్నవారిలో కొందరికి నొప్పి ఉండదు. నొప్పితో నడవలేనివారిలో కొందరి ఫిల్ము బాగానే ఉంటుంది. 2005 చివర మొదలై 2006లో ఆంధ్రప్రదేశ్‌ను కుదిపిన చికున్‌గున్యా ఈ సంగతిని పెద్దఎత్తున చూపింది. ఆ పేరు తూర్పు ఆఫ్రికాలోని మకొండె భాష నుంచి వచ్చింది; నొప్పికి మనిషి వంగిపోవటాన్ని తెలిపే మాట. జ్వరం కొద్దిరోజుల్లో తగ్గినా కీళ్ళనొప్పులు కొందరిని నెలల తరబడి వదలలేదు. అటువంటివారి ఎక్స్‌రేలు చాలావరకు మామూలుగానే ఉంటాయి. ‘ఫోటోలో ఏమీ లేదు’ అన్న మాట విన్న కూలీకి ఆ మాటకు అర్థం ‘నీకు నొప్పి లేదు’ అనే.

సాధారణ ఎక్స్‌రే ఎముకకు జరిగిన నష్టాన్ని జరిగిన తరువాతే చెబుతుంది. కీలు పొర వాచటాన్ని అల్ట్రాసౌండ్ ముందుగా పట్టుకుంటుంది. ఎముక లోపలి మజ్జలో నీరు చేరటాన్ని ఎంఆర్ఐ చూపుతుంది. స్పాండిలైటిస్ ఎక్స్‌రేలో కనబడటానికి సంవత్సరాలు పడితే ఎంఆర్ఐలో చాలా ముందే కనబడుతుంది. గౌటు స్ఫటికాలను రెండు శక్తిస్థాయిల సీటీ రంగుల్లో వేరుచేసి చూపగలదు. ఈ యంత్రాలన్నీ ఒకే దూరంలో లేవు. ఎక్స్‌రే చిన్న పట్టణంలోనూ దొరుకుతుంది, మిగిలినవాటి కోసం నగరానికి వెళ్ళాలి. అందువల్ల ఎముక దెబ్బతినే దాకా ఆగి తెలుసుకోవటం పేదరోగికి విధిగా మారుతుంది. ‘ఆఢ్య’ అనే విశేషణం వ్యాధి నుంచి నిర్ధారణ మీదికి మారిందనవచ్చు.

బోధన్ కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు నుంచి వరికీ ఇతర పంటలకూ రైతు మారాడు. నాట్లు వేసే కూలీ నడుము మళ్ళీ వంగే ఉంది. చెరకు కాలంలో అరిగిన మోకాళ్ళు కర్మాగారంతోపాటు మూతపడలేదు. ఆ తరం శ్రామికులు ఇప్పుడే బొక్కల దవాఖానకు వచ్చే వయసులో ఉన్నారు.

పేర్ల ప్రశ్న

ఆర్మూరు, నిజామాబాద్ పసుపుకు పేరుపడ్డ ప్రాంతాలు. కీళ్ళనొప్పికి పసుపు పట్టు వేయని ఇల్లు ఇక్కడ లేదనవచ్చు. పసుపులోని కర్క్యుమిన్ మీద పరిశోధనలూ సాగుతున్నాయి. అయినా ఏ నొప్పికి పట్టు, ఏ నొప్పికి మాత్ర, ఏ నొప్పికి శస్త్రచికిత్స అన్నది తేలాలంటే ముందు వ్యాధికి రోగి భాషలో పేరు ఉండాలి. ‘అరుగుదల’ అనే మాట జనంలో బాగా నాటుకుంది. అది ఆస్టియో ఆర్థ్రైటిస్‌కు సరిగ్గా సరిపోతుంది. ఇబ్బంది ఏమిటంటే రుమటాయిడ్‌కూ, ఫ్లోరోసిస్‌కూ, కుష్ఠు పాదానికీ కూడా అదే మాటను వాడుతున్నారు. పాత ‘వాతం’ స్థానంలో కొత్త ‘అరుగుదల’ చేరి, మళ్ళీ అన్నింటినీ ఒకే మూటగా కడుతున్నది.

‘ఆమవాతం’ అనే మాట రుమటాయిడ్‌కు వాడుకలోకి తేదగినది. లక్షణాల పోలిక ఉన్నందున ఆయుర్వేద వైద్యులు ఇప్పటికే దానిని అలా వాడుతున్నారు. గౌటుకు ‘వాతరక్తం’ ఉంది. ఇక ఛాయాచిత్ర లక్షణాల విషయానికి వస్తే, ఎక్స్‌రే నిపుణులు తమ వర్ణనలకు ఎంచుకున్న పోలికలు ఇంటివీ పొలానివీ కావటం ఆసక్తికరం: వెదురు వెన్ను, ఎలుక కొరికిన అంచు, చప్పరించిన మిఠాయి పుల్ల, గిన్నెలో నిలబెట్టిన పెన్సిలు. వీటిలో దేనినైనా వర్ని మండలపు రైతుకు విడమరచి చెప్పటానికి ఒక్క వాక్యం చాలు. చెరకు గడలోని కణుపును చూపి వెన్నుపూసను వివరించవచ్చు. ఈ పోలికలన్నీ ఆంగ్లంలో టైపు చేసిన నివేదికలో ఉంటాయి. ఆ నివేదికను రోగి ఫిల్ముతోపాటు పాలిథిన్ సంచిలో పెట్టుకొని, ఏం రాసి ఉందో తెలియకుండానే ఊరికి తీసుకువెళ్తాడు.